ఫ్రెంచి హాస్యచిత్రం ‘బోన్ వోయాజ్’: ఒక దేశం కూలిపోతున్న వేళ నవ్వు తగునా?

ప్రశ్న – తిరుపతి ప్రేక్షకురాలు

తిరుపతిలో మేము కొందరం నెలకొకసారి ఒక మిత్రుల ఇంటి మేడ మీద చేరి, ఏదో ఒక పరభాషా చిత్రాన్ని చూసి, ఆ తర్వాత దాని గురించి చర్చించుకుంటూ ఉంటాము. విశ్వవిద్యాలయ విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు, అందరూ వస్తారు. వచ్చే నెలకు జాఁ పోల్ రప్‌నో దర్శకత్వంలో 2003లో వచ్చిన ‘బోన్ వోయాజ్’ అనే ఫ్రెంచి చిత్రాన్ని ప్రదర్శించాలని నేను ప్రతిపాదించాను. అది నాకు ఎంతో ఇష్టమైన చిత్రం.

చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. వివియాన్ అనే ప్రసిద్ధ నటి (ఇసబెల్ అజానీ) ఇంట్లో, ఆమె వెంటపడి వేధిస్తున్న ఒక వ్యక్తి చనిపోతాడు. ఆమె చిన్ననాటి స్నేహితుడు, రచయిత కావాలని తపిస్తున్న ఫ్రెదెరిక్ (గ్రెగొరి దెరాంజేర్) ఆ శవాన్ని మాయం చేయబోయి పోలీసులకు చిక్కి, ఆమె పేరు మాత్రం బయటపెట్టకుండా జైలుకు వెళతాడు. ఇంతలో 1940 జూన్ వస్తుంది, జర్మన్ సైన్యం పారిస్ ముంగిటికి చేరుతుంది. ఖైదీలను తరలించే గందరగోళంలో ఫ్రెదెరిక్, రౌల్ అనే మరో ఖైదీ (ఇవాన్ అతాల్) తప్పించుకుని బోర్దో నగరానికి చేరుకుంటారు. అక్కడి హోటల్ స్ప్లెందిద్‌లో, నటి ఆశ్రయించిన మంత్రి బోఫోర్ (జెరార్ దెపార్ద్యూ), విలేకరి ముసుగులో తిరిగే జర్మన్ గూఢచారి (పీటర్ కొయోట్), అణు పరిశోధనకు పనికివచ్చే భారజలాన్ని శత్రువుకు దక్కనివ్వకుండా ఇంగ్లండు పంపాలని తాపత్రయపడే వృద్ధ ఆచార్యుడు, ఆయన శిష్యురాలు కమిల్ (వర్జినీ లెదోయెన్), వీరంతా ఒకే కప్పు కిందికి వస్తారు. ముగింపు ఇక్కడ చెప్పడం భావ్యం కాదు.

మా బృందంలో అందరం గౌరవించే ఒక పెద్దాయన దీనికి అభ్యంతరం చెప్పారు. లక్షలాది జనం పిల్లాజెల్లాతో రోడ్డున పడిన సందర్భాన్ని తీసుకుని, నటి గారి షోకులూ మంత్రి గారి అవస్థలూ చూపించి నవ్వించడం ఎంతవరకు సబబు అని ఆయన అడిగారు. ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయలేను. ఈ చిత్రంలోని నవ్వు ఎవరినీ కించపరచలేదని నా మనసుకు గట్టిగా తెలుసు గాని, ఎందుకు కించపరచలేదో వివరించి చెప్పడం నా వల్ల కావడం లేదు.

పెద్దల సలహా కోరుతున్నాను. ఈ అభ్యంతరానికి న్యాయమైన సమాధానం ఉన్నదా? ప్రదర్శనకు ముందు ప్రేక్షకులకు ఏ మేరకు చరిత్ర చెప్పాలి? మరొక చిక్కు కూడా ఉన్నది. పాత్రలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాయి, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని అంత వేగంగా చదవలేనివారు మాలో కొందరున్నారు. వారికి ఏ విధంగా సాయపడవచ్చు?

జవాబు – చిత్తూరు చరిత్ర మాస్టారు

అమ్మా, మీ పెద్దాయన అడిగినది అడగవలసిన ప్రశ్నే. నేను కళాశాలలో ఐరోపా చరిత్ర చెప్పినవాడిని కాబట్టి ముందు చరిత్ర వైపు నుంచి వస్తాను.

1940 మే 10న జర్మనీ పశ్చిమాన దాడి మొదలుపెట్టింది. జూన్ 10న ఫ్రెంచి ప్రభుత్వం పారిస్‌ను వదిలి తూర్ నగర పరిసరాలకు, అక్కడి నుంచి జూన్ 14న బోర్దోకు తరలిపోయింది. పారిస్‌లోకి జర్మన్ సైన్యం ప్రవేశించినది కూడా ఆ 14వ తేదీనే. 16వ తేదీ రాత్రి ప్రధాని పోల్ రేనో రాజీనామా చేశాడు, మార్షల్ పెతాఁ గద్దెనెక్కాడు. 17న పెతాఁ పోరాటం మానుకోవాలని రేడియోలో ప్రకటించాడు. ఆ ఉదయమే బోర్దో విమానాశ్రయం నుంచి లండన్‌కు ఎగిరిపోయిన సేనాని దెగోల్, పోరాటం ఆపవద్దన్న తన పిలుపును మరునాడు బి.బి.సి.లో వినిపించాడు. 22న యుద్ధవిరమణ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. సినిమాలోని హోటల్ సన్నివేశాలన్నీ ఈ కొద్ది రోజుల మధ్య ఇరికి ఉన్నాయి. అది తెలిస్తే చిత్రం ఎందుకంత పరుగులు పెడుతుందో తెలుస్తుంది. అప్పుడు దేశం నడిచిన వేగమే అది.

ఆ రోజుల్లో ప్రభుత్వం ఎట్లా నడిచిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జూన్ 11న బ్రియార్ పట్టణం దగ్గర ఒక పాత కోటలాంటి భవనంలో బ్రిటిష్, ఫ్రెంచి నాయకుల అత్యున్నత యుద్ధ సమావేశం జరిగింది. చర్చిల్ స్వయంగా వచ్చాడు. ఆ భవనం మొత్తానికి ఉన్నది ఒకే టెలిఫోన్, అదీ మరుగుదొడ్డిలో. ఈ సంగతిని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాలలో రాసుకున్నాడు. దాని ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి, అవతలివారికి వినిపించక, చెప్పినదే మళ్ళీ మళ్ళీ గట్టిగా అరుస్తూ ఉండేవారట. ఐరోపాలోకెల్లా పెద్ద సైన్యాలలో ఒకటి కూలిపోతున్న గడియలలో, దాని ఆదేశాలు మరుగుదొడ్డిలోని ఫోన్ గుండా పోవలసి వచ్చింది. ఏ రచయితా కల్పించి రాయనక్కర లేని దృశ్యం ఇది. ఆ రోజుల చరిత్రలోనే హాస్యం, దుఃఖం విడదీయరానంతగా కలిసిపోయి ఉన్నాయి. రప్‌నో వాటిని విడదీయకుండా ఉంచాడు.

ఇక నవ్వు ఎవరి మీద పడుతున్నదో చూడండి. రైలులో నిలబడడానికి చోటు లేక నలిగిపోతున్న జనాన్ని చూసి మనం ఎక్కడా నవ్వము. దేశం చేజారిపోతుంటే గది కోసం, కారు కోసం, తన తలకట్టు చెదరకుండా ఉండడం కోసం పోరాడేవారిని చూసి నవ్వుతాము. మీ తిరుపతివారికి దీన్ని విడమరిచి చెప్పనక్కర లేదు. బ్రహ్మోత్సవాలలో గరుడసేవ నాడు గది కోసం సిఫారసు లేఖ పట్టుకుని కౌంటరు ముందు నిలబడినవారి ముఖాలు చూసినవారెవరికైనా ఆ హోటల్ హాలు వెంటనే అర్థమవుతుంది. నిన్నటిదాకా చెల్లిన హోదా ఈ రోజు చెల్లకపోతే మనిషి ముఖంలో కనబడే ఆ అయోమయమే ఈ చిత్రానికి అసలు విషయమని నా అభిప్రాయం. వివియాన్ పాత్రను అజానీ గొప్పగా పోషించింది. ఆమె కన్నీళ్ళు అప్పటికప్పుడు పొంగి, పని జరగగానే ఆరిపోతాయి. అయినా ఆ స్త్రీని మనం అసహ్యించుకోలేము, ఎందుకంటే ఆమె భయం మాత్రం నిజమైనది.

దర్శకుడు 1932లో పుట్టాడు. అంటే ఆ జూన్ నాటికి ఎనిమిదేళ్ళ పిల్లవాడు. పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా దారి తప్పినట్లు ప్రవర్తించడం ఆ వయసు పిల్లవాడికి ఎట్లా కనబడుతుందో, చిత్రం అంతటా ఆ చూపు ఉన్నదనిపిస్తుంది. కథనంలో ఆయనతో కలిసి పనిచేసినవారిలో పాత్రిక్ మొదియానో ఒకరు. 2014లో నోబెల్ బహుమతి పొందిన ఆ రచయిత జీవితమంతా జర్మన్ ఆక్రమణ కాలాన్నే తవ్వుతూ వచ్చినవాడు. అటువంటివాడు చేయి వేసిన కథలో బాధితుల పట్ల చులకన భావం ఉంటుందని నేను నమ్మలేను.

మన ప్రాంతం నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద, మరునాడు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత మద్రాసు నగరం చాలా వరకు ఖాళీ అయింది. జనం రైళ్ళలో, బండ్లలో లోపలి జిల్లాలకు తరలిపోయారు. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలు తప్పించుకుంటాయనే భయంతో వాటిని కాల్చి చంపారు. అప్పుడు చిత్తూరులోని మా ఇంటికి చేరిన బంధువుల కథలు నేను చిన్నతనంలో ఎన్నోసార్లు విన్నాను. మా పెద్దత్త ఆ వేసవిలో అప్పుడే పెట్టిన మామిడి ఊరగాయ జాడీని దారి పొడవునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, ఇంటి పత్రాలను మాత్రం మద్రాసులోనే వదిలి వచ్చిందట. ఆ సంగతిని ఆమే కళ్ళు తుడుచుకుంటూ, కడుపుబ్బ నవ్వుతూ చెప్పేది. ఆ భయం పడినవారికి నవ్వే హక్కు ఉన్నది. రప్‌నో కూడా ఆ హక్కుతోనే నవ్వాడు.

జవాబు – పుత్తూరు పాఠకుడు

మాస్టారు గారి మీద ఎంతో గౌరవం ఉన్నా, నేను మీ పెద్దాయన పక్షాన కొంత మాట్లాడదలచుకున్నాను.

చిత్రం నాకూ నచ్చింది. తియెరి అర్బొగాస్ట్ ఛాయాగ్రహణానికి ఫ్రెంచి సినిమా రంగపు సెజార్ పురస్కారం రావడం న్యాయమే. కాని ఆ కెమెరా రోడ్డు మీద నిలిచినంతసేపూ నాకు తృప్తి కలగలేదు. పరుపులు కట్టిన కార్లు, సైకిళ్ళు, తోపుడుబండ్లు, నడవలేని ముసలివారు, అన్నీ తెర మీద కనబడతాయి, కాని వెంటనే వెనక్కి జరిగిపోతాయి. 1940 వేసవిలో ఫ్రాన్సులో ఇల్లు వదిలి రోడ్డెక్కినవారి సంఖ్యను చరిత్రకారులు 60 లక్షల నుంచి కోటి వరకు అంచనా వేస్తారు. ఆ జనప్రవాహం మీద జర్మన్ విమానాలు తుపాకి గుళ్ళు కురిపించాయి. తప్పిపోయిన పిల్లల కోసం తల్లులు పత్రికలలో ప్రకటనలు ఇచ్చుకున్నారు. ఇంత పెద్ద విషాదంలో కెమెరా హోటల్ లోపలికి వెళ్ళి, గదులు దొరికినవారితోనే ఎక్కువసేపు గడిపింది. నవ్వు తప్పని నేను అనడం లేదు. ఎవరి కథకు ఎంత చోటు ఇచ్చారన్నదే నా ఫిర్యాదు.

ఆ రోజుల్లో ఆ బోర్దోలోనే మరొక కథ నడిచింది. అక్కడ పోర్చుగల్ కాన్సుల్‌గా ఉన్న అరిస్తిదెస్ ద సూజా మెండెస్, తన ప్రభుత్వ ఆదేశాలను ధిక్కరించి, తలుపు దగ్గర నిలబడిన శరణార్థులకు, వారిలో ఎందరో యూదులకు, వేల వీసాలు ఇచ్చాడు. పోర్చుగల్ నియంత సాలజార్ ప్రభుత్వం ఆయన ఉద్యోగం మీద దెబ్బ కొట్టింది. 1954లో ఆయన పేదరికంలోనే చనిపోయాడు. ఆ తర్వాత, 1966లో, ఇజ్రాయెల్‌లోని యూదుల నరమేధ స్మారక సంస్థ యాద్ వాషెమ్ ఆయన సేవను గుర్తించి గౌరవించింది. హోటల్ హాలులో గది తాళం కోసం తోపులాట జరుగుతున్నప్పుడు, అదే నగరంలో కాన్సులేటు మెట్ల మీద జనం ఒక్క ముద్ర కోసం రాత్రీ పగలూ కూర్చుని ఉన్నారు. ఈ రెండవ దృశ్యం చిత్రంలో లేదు. ఉండి తీరాలని దర్శకుణ్ణి నిర్బంధించలేము, కాని మీ ప్రదర్శనలో దాని ప్రస్తావన ఉండాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. అభ్యంతరం చెప్పిన పెద్దాయనకు అదే సరైన మర్యాద అవుతుంది.

జవాబు – శ్రీకాళహస్తి భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

భారజలం సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. చాలామంది ప్రేక్షకులు దాన్ని కథను నడపడానికి పెట్టుకున్న ఏదో ఒక వస్తువు అనుకుంటారు. అది నిజంగా జరిగినది.

మామూలు నీటిలోని హైడ్రోజన్ పరమాణువులలో ఆరువేల పైచిలుకులో ఒకటి మాత్రమే బరువైన డ్యుటీరియం. ఆ బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడిన నీటిని వేరుచేసి పోగుచేస్తే భారజలం వస్తుంది. మన మణుగూరు కర్మాగారం పేరు విన్నవారికి ఇది కొత్త కాదు. యురేనియం కేంద్రకం చీలినప్పుడు దూసుకువచ్చే న్యూట్రాన్లను, తాను పెద్దగా మింగివేయకుండా నెమ్మదింపజేయడం దాని ప్రత్యేకత. కాబట్టి ఒక కేంద్రకం చీలిక మరికొన్నిటిని చీలుస్తూ సాగే శృంఖల చర్యను సాధించాలనుకున్న శాస్త్రవేత్తలకు అది ప్రాణసమానమైంది. 1940లో దాన్ని చెప్పుకోదగిన పరిమాణంలో తయారుచేసే చోటు నార్వేలోని వేమోర్క్ కర్మాగారం ఒక్కటే. ఆ ఏడాది మార్చిలో ఫ్రెంచి ప్రతినిధి జాక్ అలియే అక్కడికి రహస్యంగా వెళ్ళి, ఉన్న నిల్వ అంతటినీ, అంటే దాదాపు 185 కిలోలను, 26 డబ్బాలలో తెచ్చాడు. అన్నీ కలిపి 170 లీటర్లు కూడా ఉండవు. చూడడానికి మంచినీళ్ళకూ దానికీ తేడా తెలియదు. ఏప్రిల్‌లో జర్మనీ నార్వేను ఆక్రమించింది.

పారిస్‌లో శాస్త్రవేత్త ఫ్రెదెరిక్ జోలియో-క్యూరీ ప్రయోగశాలకు చేరిన ఆ డబ్బాలను, శత్రువు దగ్గరపడుతుంటే, ముందు క్లెర్మోఁ-ఫెరాఁలోని బ్యాంకు ఖజానాకు, తర్వాత రియోఁ పట్టణంలోని జైలుకు తరలించారు. అక్కడ మరణశిక్ష పడినవారిని ఉంచే గదిలో వాటిని దాచారు. జైలు నుంచి బయలుదేరే రోజున ఖైదీల చేతనే మోయించి బండి కెక్కించారు. సినిమాలో జైలు నుంచి పారిపోయిన కుర్రవాడు భారజలం వ్యవహారంలో చిక్కుకోవడం మరీ అసాధ్యమైన కల్పనగా అనిపించినవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. చివరికి హాన్స్ హాల్బాన్, లెవ్ కొవార్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ కుటుంబాలతో సహా బోర్దోలో బ్రూంపార్క్ అనే బొగ్గు ఓడ ఎక్కి, జూన్ 21న ఇంగ్లండులోని ఫాల్మత్ చేరారు. ఓడ మునిగినా డబ్బాలు తేలాలని, వాటిని ఒక తెప్పకు కట్టి ఉంచారు. జోలియో-క్యూరీ ఫ్రాన్సులోనే ఉండిపోయాడు. ఓడ ఎక్కినవారు కేంబ్రిడ్జిలో పరిశోధన కొనసాగించి, శృంఖల చర్య సాధ్యమేనని ఆ ఏడాది చివరికే బలమైన ఆధారాలు చూపారు.

నాకు ఈ చిత్రంలో బాగా నచ్చినది ఈ కోణమే. హోటల్‌లో గట్టిగా మాట్లాడే ప్రతివారూ తమ కోసం పరుగెత్తుతున్నారు. ఆచార్యుడు, కమిల్ మాత్రం ఎవరికీ అర్థం కాని నీళ్ళ కోసం పరుగెత్తుతున్నారు. వారి మాట ఏ అధికారీ వినడు, ఎందుకంటే వారి దగ్గర హోదా లేదు, పరిచయాలు లేవు. కమిల్ కళ్ళద్దాలు సవరించుకుంటూ, గొంతు పెంచకుండా, చెప్పినదే మళ్ళీ చెప్పే తీరును మీ విద్యార్థులు గమనించాలి. ఆడపిల్లలు సైన్సు చదివితే ఎట్లా ఉంటుందో సినిమాలలో ఇంత గౌరవంగా చూపించడం అరుదు.

మీ మూడవ ప్రశ్నకు నా అనుభవంలోంచి ఒక ఉపాయం చెబుతాను. మా పాఠశాలలో పరభాషా చిత్రాలు వేసినప్పుడు, ఒక కాగితం మీద తెలుగులో ముఖ్యపాత్రల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఏమి కావాలి అన్నది పెద్ద అక్షరాలతో రాసి పంచుతాము. ఈ చిత్రానికి అది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఇక్కడ ప్రతి పాత్రకూ ఒకే ఒక్క కోరిక ఉన్నది. ఆ కోరిక తెలిస్తే, మాటలు సగం జారిపోయినా కథ జారిపోదు. నటీనటుల పేర్లు రాయనక్కర లేదు, వారు వేసుకున్న దుస్తులను బట్టి గుర్తు చెబితే పెద్దవారికి తేలిక. హోటల్‌కు చేరిన తర్వాత ఒకసారి ఆపి, అంతవరకు జరిగినది ఎవరైనా తెలుగులో చెప్పండి. అంతకు మించి ఆపితే చిత్రానికి అన్యాయం జరుగుతుంది, దాని ప్రాణం దాని పరుగులోనే ఉన్నది.

జవాబు – తిరుపతి ప్రేక్షకురాలు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారి జవాబును, పుత్తూరు పాఠకుడి గారి అభ్యంతరాన్ని రెండింటినీ మా పెద్దాయనకు చదివి వినిపించాను. బ్రియార్ టెలిఫోన్ సంగతి విని ఆయన చాలాసేపు ఆలోచించారు. కాన్సుల్ గారి కథ తనకు అంతకు ముందు తెలియదని, దాన్ని ప్రదర్శన రోజున తానే చెబుతానని అన్నారు. సినిమా మీద ఆయన అభిప్రాయం ఇంకా మారలేదు, మారాలని నేను పట్టుబట్టడం లేదు. చూసిన తర్వాత కూడా కాదంటే, ఆ మాట అందరి ముందూ చెప్పమని అడిగాను.

జూన్ 10 నుంచి 22 వరకు జరిగిన ముఖ్య సంఘటనలను గోడ మీద ఒక పెద్ద కాగితంపై రాసి పెడతాము. పాత్రల కాగితం తయారుచేసే పని ఇద్దరు విద్యార్థినులు తీసుకున్నారు. మాస్టారు గారూ, ఒక్క సందేహం. రేనో రాజీనామా చేసిన రాత్రి ఆయనను వ్యతిరేకించినవారి వాదన ఏమిటి? మంత్రి బోఫోర్ ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడే సన్నివేశాలు చూసినప్పుడు విద్యార్థులు ఈ ప్రశ్న తప్పక వేస్తారు.

జవాబు – చిత్తూరు చరిత్ర మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. రేనో, ఆయన వెంట ఉన్న కొద్దిమంది, ఫ్రాన్సు భూభాగం పోయినా ప్రభుత్వం ఉత్తర ఆఫ్రికాకు వెళ్ళి, నౌకాదళంతో, వలస సైన్యాలతో యుద్ధం కొనసాగించాలన్నారు. ఫ్రాన్సు, బ్రిటన్ రెండూ ఒకే రాజ్యంగా కలిసిపోవాలన్న ప్రతిపాదన కూడా ఆ 16వ తేదీనే లండన్ నుంచి వచ్చింది. మంత్రివర్గం దాన్ని ఆదరించలేదు. అటువైపు పెతాఁ, సేనాధిపతి వేగాఁ, ప్రభుత్వం ప్రజలను వదిలి దేశం దాటిపోకూడదని, బ్రిటన్ కూడా ఎక్కువ కాలం నిలవదని వాదించారు. జనం రోడ్ల మీద పడుతున్న బాధను చూసి యుద్ధం ఆగితే చాలుననుకున్నవారు కూడా వారి వైపు మొగ్గారు. అందులో పిరికితనం ఎంత, జాలి ఎంత, అధికారం మీద ఆశ ఎంత అన్నది మనిషికొక లెక్క. ఆ తర్వాత పెతాఁ నడిపిన విషీ ప్రభుత్వం చేసిన పనులు, ముఖ్యంగా యూదుల విషయంలో చేసినవి, తెలిసిన మనకు ఈ రోజు తీర్పు చెప్పడం సులువు. హోటల్ మెట్ల మీద నిలబడిన బోఫోర్‌కు అవేవీ ఇంకా తెలియవు. విద్యార్థులకు ఆ తేడా చెప్పి, ఆ పరిస్థితిలో ఉంటే తాము ఎవరి వెంట వెళ్ళేవారో వారినే అడగండి. ప్రదర్శన తేదీ ఖాయమైతే తెలియజేయండి, వీలు చూసుకుని చిత్తూరు నుంచి వస్తాను.